హిమపటాల చరిత్రలో ఇష్టవ్యాసంగకారుల పాత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఏటా వచ్చిపోయే హిమం, మంచుగడ్డ ఎక్కడ, ఎప్పుడు, ఎంత మేర నిలిచాయో పటాలుగా గీయడం నేడు ప్రధానంగా ఉపగ్రహాల ఆధారంగా జరుగుతున్న పని. అయితే ఈ శాస్త్రానికి ఆధారమైన పాత నమోదుల్లో గణనీయమైన భాగం, ఆ పని తమ వృత్తి కాని వారు తమంతట తాము చేసినవి. జపానులోని సువా సరస్సు, ఫిన్లండు సరిహద్దులోని టోర్నే నది, అమెరికాలోని వాల్డెన్ చెరువు, మౌంట్ రోజ్ శిఖరం, ఉత్తర ధ్రువ సముద్రాలు అనే ఐదు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థలాన్నీ నియమాన్నీ మార్చకపోవడం, ఏమీ జరగని ఏడును కూడా రాసిపెట్టడం, చూసినదానిని ఊహించినదాని నుండి వేరుచేసి చూపడం అనే మూడు అలవాట్ల వల్లనే ఆ నమోదులు శాస్త్రానికి పనికివచ్చాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. హిమాలయ హిమానికీ దక్కను వానలకూ మధ్య జరిగిన అన్వేషణ ద్వారా ఈ చరిత్రకు తెలుగు ప్రాంతంతో ఉన్న సంబంధాన్ని కూడా సూచిస్తుంది.

కీలకపదాలు: ఋతుహిమం, మంచుగడ్డ, హిమపటం, ఇష్టవ్యాసంగం, ఋతుపవనాలు, ఉపగ్రహ చిత్రాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'మంచు' అనే ఒక్క మాట చాలా అర్థాలను మోస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున పొలాలను కమ్మేదీ మంచే, గడ్డిపరక మీద నిలిచే బిందువూ మంచే, హిమాలయ శిఖరాల మీద పేరుకొనేదీ మంచే. సముద్రతీరంలోనూ పీఠభూమిలోనూ బతికిన జాతికి వీటిని వేరు చేయవలసిన అవసరం అంతగా కలగలేదు. పటం గీసేవారికి మాత్రం ఈ తేడాలు ముఖ్యం. అందువల్ల ఆకాశం నుండి రాలి నేల మీద పేరుకొనేదానిని ఈ వ్యాసంలో 'హిమం' అనీ, చెరువు, నది, సముద్రం గడ్డకట్టగా ఏర్పడేదానిని 'మంచుగడ్డ' అనీ వ్యవహరించడం జరిగింది. చలికాలంలో ఏర్పడి వేసవికల్లా కరిగిపోయే హిమం 'ఋతుహిమం'. ఏళ్ళ తరబడి నిలిచే హిమానీనదాలు ఈ వ్యాసపరిధిలోకి రావు.

కొండ, నది, ఊరు వంటివాటిని ఒకసారి గీస్తే ఆ పటం చాలాకాలం చెల్లుతుంది. ఋతుహిమం హద్దు ప్రతి వారమూ మారుతుంది. నిన్నటి పటం నేడు చెల్లదు. అందుచేత హిమపటం విలువ ఏ ఒక్క పటంలోనూ ఉండదు, పటాల వరుసలో ఉంటుంది. ఏటేటా ఒకేచోట రాసిన తేదీల పట్టికను కూడా ఈ దృష్టితో చూస్తే పటంలో ఒక బిందువుగా పరిగణించవచ్చు. ఆ బిందువు కాలంలోకి సాగుతుంది.

ఇంత దీర్ఘమైన వరుసను నిలబెట్టడం ప్రభుత్వ సంస్థలకు ఇటీవలి వరకు సాధ్యం కాలేదు. ఉత్తర్వులు, నిధులు, బదిలీలు దానికి అడ్డుపడతాయి. జీతం కోసం కాక, పైవారి ఆజ్ఞ వల్ల కాక, తన ఆసక్తితోనో విశ్వాసంతోనో ఈ పనిని పట్టుకొన్నవారిని ఈ వ్యాసం 'ఇష్టవ్యాసంగకారులు' అని పిలుస్తుంది. ఈ నిర్వచనం అంచున ఉండే వారూ లేకపోలేదు. సువా పూజారికి అది ఆచారం, టోర్నే వర్తకుడికి అది వ్యాపారానికి పనికివచ్చే సమాచారం. అయినా శాస్త్రం కోసం రాయమని వారిని ఎవరూ నియమించలేదు కనుక వారిని కూడా ఈ పరిశీలనలో చేర్చడం సమంజసం.

2. పూజారి పట్టిక, వర్తకుడి పట్టిక

జపానులోని నాగానో ప్రాంతంలో, సముద్రమట్టానికి 759 మీటర్ల ఎత్తున సువా సరస్సు ఉంది. తీవ్రమైన చలికి సరస్సు పూర్తిగా గడ్డకట్టిన తరువాత, రాత్రి చలికి మంచుగడ్డ కుంచించుకొని పగుళ్ళు పడతాయి. పగుళ్ళలోకి వచ్చిన నీరు మళ్ళీ గడ్డకడుతుంది. పగటి వేడికి పలక వ్యాకోచించినప్పుడు ఆ పగులు వెంట మంచుముక్కలు గట్టులా పైకి లేస్తాయి. దీనిని అక్కడివారు 'ఒమివతారి' అంటారు. దేవుడు సరస్సు దాటిన దారి అని దాని భావం. తకెమినకత అనే దేవుడు అవతలి ఒడ్డున ఉన్న తన దేవేరిని చూడడానికి నడిచి వెళ్ళిన జాడ అని స్థానికుల విశ్వాసం.

ఈ సంఘటనను షింటో పూజారులు 1443 నుండి నమోదు చేస్తూ వచ్చారు. సరస్సు గడ్డకట్టిన రోజుతోపాటు గట్టు ఏ దిక్కు నుండి ఏ దిక్కుకు సాగిందో కూడా పరిశీలించి, దానిని బట్టి ఆ ఏటి పంటను గురించి జోస్యం చెప్పేవారు. ఈ రకంగా ఆ నమోదు మాటలలో గీసిన పటం. గట్టు లేవని సంవత్సరానికి కూడా ఒక పేరుంది: 'ఆకె నో ఉమి', అంటే తెరచిన సముద్రం. ఏమీ జరగని ఏటిని ఖాళీగా వదలకుండా, జరగలేదని రాసి దానికి పేరు పెట్టడం ఇక్కడ గమనింపదగిన విషయం. జరిగినవాటినే రాసే పట్టికలో ఖాళీ కనిపిస్తే, ఆ ఏడు సరస్సు గడ్డకట్టలేదో, రాసేవారు లేరో తరువాతి తరానికి తెలియదు.

ఫిన్లండు, స్వీడన్ దేశాల సరిహద్దున పారే టోర్నే నదికి సంబంధించిన పట్టిక 1693లో మొదలైంది. ఓలోఫ్ ఆల్బోమ్ అనే వర్తకుడు ప్రతి వసంతంలో నది మీది మంచుగడ్డ పగిలి కదిలిన రోజును రాసేవాడు. రాకపోకలకూ సరుకుల రవాణాకూ ఆహారానికీ నదే ఆధారమైన ఊరిలో ఆ రోజు అందరికీ ముఖ్యమైనదే. రష్యా సైన్యం రావడంతో 1715లో అతడు ఊరు విడిచి పారిపోయాడు. 1721లో తిరిగివచ్చి పట్టికను కొనసాగించాడు. నడుమనున్న ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ ఖాళీని ఊహించిన తేదీలతో పూరించకపోవడం వల్లనే అటూ ఇటూ ఉన్న తేదీలు నేటికీ నమ్మదగినవిగా ఉన్నాయి.

ఈ రెండు పట్టికలను కలిపి విశ్లేషించిన అధ్యయనం 2016లో వెలువడింది. పాత జపాను పంచాంగపు తేదీలను నేటి తేదీలకు మార్చుకొనడం పరిశోధకులకు తొలి పని. శాసనాలలోని శకవర్ష తిథులను క్రీస్తుశకానికి మార్చే తెలుగు చరిత్ర పరిశోధకులకు ఈ చిక్కు పరిచితమే. సువా పట్టికలో 17వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం తొలి పాదం వరకు ఉన్న భాగం అంత నిలకడగా లేనందున దానిని లెక్కకు తీసుకోలేదు. మిగిలిన భాగం స్పష్టంగానే మాట్లాడింది. నమోదు మొదలైన తొలి 250 సంవత్సరాలలో సరస్సు గడ్డకట్టని ఏళ్ళు 3 మాత్రమే. 1955 నుండి 2004 వరకు గల 50 సంవత్సరాలలో అవి 12. 2005 నుండి 2014 వరకు గల 10 సంవత్సరాలలో 5. ఆ తరువాత 2019 నుండి 2025 వరకు వరుసగా ఏడేళ్ళు ఒమివతారి కనిపించలేదు. దేవుడి నడకను చూడడానికి మొదలైన పట్టిక ఇప్పుడు వాతావరణం మారిన తీరుకు సాక్ష్యంగా నిలిచింది.

3. మంచుగడ్డ మీద సర్వే: థోరో

హెన్రీ డేవిడ్ థోరో పేరు తెలుగు పాఠకులకు శాసనోల్లంఘన సిద్ధాంతం వల్ల, దాని ద్వారా గాంధీజీ వల్ల పరిచితం. అతడు పటాలు గీసినవాడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊరి దగ్గర వాల్డెన్ చెరువు ఒడ్డున 1845 జులైలో నివాసం ఏర్పరచుకొన్న థోరో, 1846 తొలి నెలలలో, చెరువు ఇంకా గడ్డకట్టి ఉండగానే, దిక్సూచి, కొలత గొలుసు, లోతు కొలిచే తాడు తీసుకొని దానిని సర్వే చేశాడు. ఆ చెరువుకు అడుగు లేదని ఊరివారు చెప్పుకొనేవారు. మంచుగడ్డకు రంధ్రాలు చేసి నూరు చోట్లకు పైగా లోతు కొలిచిన థోరో అత్యధిక లోతు 102 అడుగులని తేల్చాడు. 1854లో వెలువడిన 'వాల్డెన్' గ్రంథంలో ఆ పటం ఉంది.

పడవ మీద నుండి కొలిస్తే పడవ జరుగుతుంది, తాడు వాలుతుంది. గట్టి మంచుగడ్డ మీద మనిషి నేల మీద నడిచినట్లు నడిచి, తిన్నని గీతలు సాగదీసి, కొలిచిన చోటును ఖచ్చితంగా గుర్తించగలడు. చలికాలపు పొర ఇక్కడ పటానికి విషయం కాలేదు, పనిముట్టు అయింది.

అదే గ్రంథంలో థోరో చెరువు పూర్తిగా తెరచుకొన్న తేదీలను కూడా ఇచ్చాడు: 1845లో ఏప్రిల్ 1, 1846లో మార్చి 25, 1847లో ఏప్రిల్ 8, 1851లో మార్చి 28, 1852లో ఏప్రిల్ 18, 1853లో మార్చి 23, 1854లో ఇంచుమించు ఏప్రిల్ 7. ఈ జాబితాలో రెండు విషయాలు గమనించాలి. 1848, 1849, 1850 సంవత్సరాలకు తేదీలు లేవు; వాటిని అతడు పూరించలేదు. చివరి తేదీకి 'ఇంచుమించు' అని చేర్చాడు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఆనాడు ఎవరికీ నష్టం లేదు. అయినా తెలిసినంతే రాశాడు. ఒకటిన్నర శతాబ్దం తరువాత అమెరికా వృక్షశాస్త్ర పరిశోధకులు ఆ తేదీలను నేటివాటితో పోల్చి, చెరువు అప్పటికంటే సుమారు రెండు వారాలు ముందుగా తెరచుకొంటున్నదని చూపగలిగారు.

4. లాటిన్ అధ్యాపకుడి హిమగొట్టం: జేమ్స్ చర్చ్

ఇష్టవ్యాసంగం శాస్త్రంగా మారిన తీరును ఒకే జీవితంలో చూడాలంటే జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ (1869–1959) చరిత్రను పరిశీలించాలి. అతడు నెవాడా విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషాసాహిత్యాల అధ్యాపకుడు. 1892లో రీనో పట్టణానికి వచ్చి, 1895 చలికాలంలో దగ్గరలోని మౌంట్ రోజ్ శిఖరాన్ని ఎక్కాడు. ఎక్కడం మీది ఇష్టం క్రమంగా హిమం మీది ఇష్టంగా మారింది. సుమారు 10,776 అడుగుల ఎత్తున ఉన్న ఆ శిఖరం మీద 1906లో వాతావరణ పరిశీలనశాల ఏర్పడింది.

ఆ ప్రాంతంలో హిమం అంటే నీరు. సియెర్రా నెవాడా కొండల మీద చలికాలంలో పేరుకొన్న హిమం వేసవిలో కరిగి టాహో సరస్సులోకి, అక్కడి నుండి ట్రకీ నది ద్వారా దిగువన ఉన్న పొలాలకు చేరుతుంది. సరస్సు ఒడ్డున ఇళ్ళు, భూములు ఉన్నవారికి నీటిమట్టం పెరిగితే నష్టం. విద్యుత్తు సంస్థకూ దిగువ రైతులకూ నీరు నిలవ ఉండాలి. ఈ ఏడు ఎంత నీరు వస్తుందో ముందుగా తెలియకపోవడమే తగవుకు మూలం.

హిమం లోతును కర్రతో కొలిస్తే నీటి లెక్క తెలియదు. కొత్తగా పడిన హిమం 10 సెంటీమీటర్లు కరిగితే సుమారు 1 సెంటీమీటరు నీరు వస్తుంది. నెలల తరబడి అణగిన హిమం అదే మందానికి అనేక రెట్లు నీరిస్తుంది. కనుక తూచాలి. చర్చ్ రూపొందించిన హిమగొట్టానికి కొనన పళ్ళు ఉంటాయి. దానిని నేల తగిలేవరకు హిమంలోకి తిప్పుతూ దింపి, లోపల నిలిచిన హిమస్తంభంతో సహా పైకి తీసి త్రాసుకు తగిలిస్తారు. ఈ కుదురు నుండే వచ్చిన, నేటికీ అమెరికాలో వాడుకలో ఉన్న గొట్టం లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఆ వ్యాసం వల్ల 1 ఔన్సు హిమం సరిగ్గా 1 అంగుళం నీటికి సమానమవుతుంది. కొండ మీద, చలిలో, లెక్కలు కట్టనక్కరలేకుండా బరువే నీటి కొలతగా చదువుకోవచ్చు.

చర్చ్ ఆలోచనలో అసలు విశేషం గొట్టం కాదు. కొండ మీది హిమమంతా కొలవడం ఎవరికీ సాధ్యం కాదని అతడు గుర్తించాడు. ఎంచుకొన్న కొన్ని వరుసలలో, ఏటా అవే చోట్ల కొలిచి, ఆ ఏటి కొలత మామూలు ఏటి సగటులో ఎంత శాతమో చెప్పగలిగితే, నదిలోకి వచ్చే నీరు కూడా మామూలు ఏటి నీటిలో ఇంచుమించు అంత శాతమే ఉంటుందని ఊహించవచ్చు. ఈ శాతపద్ధతితో అతడు 1911లో టాహో సరస్సు నీటిమట్టాన్ని ముందుగా అంచనా వేశాడు. కొలిచే చోటును మారిస్తే ఈ పద్ధతి కూలిపోతుంది. నిన్నటి చోటుకే తిరిగి వెళ్ళడం అనే యాత్రికుడి అలవాటు దీనికి ఆధారం.

ఈ పద్ధతి అమెరికా పశ్చిమ రాష్ట్రాలంతటా వ్యాపించింది. 1920ల చివరలో చర్చ్ గ్రీన్లండుకు వెళ్ళిన పరిశోధకబృందాలలో పాల్గొన్నాడు. 1940ల చివరలో, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, హిమాలయ ప్రాంతంలో హిమసర్వే నెలకొల్పడానికి సాయపడేందుకు భారతదేశానికి వచ్చాడు. లాటిన్ కావ్యాలు బోధించిన అధ్యాపకుడి వ్యాసంగం అప్పుడే స్వతంత్రమవుతున్న దేశానికి నీటి లెక్కగా చేరింది.

5. చూసిన గీత, ఊహించిన గీత: సముద్రపు మంచుగడ్డ

నేల మీద ఉన్నవారు అదే చోటుకు తిరిగి వెళ్ళగలరు. సముద్రంలో ఆ వీలు లేదు. ఉత్తర ధ్రువ సముద్రాలలో మంచుగడ్డ హద్దును మొదట చూసినవారు తిమింగిలాల వేటగాళ్ళు. వారిలో విలియం స్కోర్స్‌బీ (1789–1857) విశిష్టుడు. ఓడ నాయకత్వం అతని వృత్తి; ఉష్ణోగ్రతలు, సముద్రపు రంగు, హిమస్ఫటికాల ఆకృతులు, మంచుగడ్డ రకాలు రాసుకోవడం అతని ఇష్టం. 1820లో ప్రచురించిన ఉత్తర ధ్రువ ప్రాంతాల వివరణ గ్రంథంలో మంచుగడ్డ రూపాలకు వేటగాళ్ళు వాడే మాటలను నిర్వచించాడు. 1822లో వేటయాత్రలోనే గ్రీన్లండు తూర్పుతీరాన్ని వందల మైళ్ళ మేర పటంలోకి ఎక్కించాడు. మాటకు నిర్ణీతార్థం లేకపోతే ఒక నావికుడు చూసినదానిని మరొక నావికుడు చూసినదానితో పోల్చలేరు. చెదురుమదురు కథనాలు ఒకే పటంలో ఇమడడానికి ఆ నిర్వచనాలు దారి వేశాయి.

19వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం మధ్య వరకు, రెండవ ప్రపంచయుద్ధకాలంలో తప్ప, డెన్మార్కు వాతావరణ సంస్థ ఏటా వేసవినెలల మంచుగడ్డ పటాలను ప్రచురించింది. వేటనావికులు, వర్తకనావికులు, తీరవాసులు పంపిన కబుర్లే వాటికి ఆధారం. ఆ పటాలలో ఎవరైనా కళ్ళారా చూసిన చోట్లకు ఎర్రని గుర్తులు వేశారు. కబురు రాని చోట్ల మంచుగడ్డ ఉంటుందని భావించి గీసిన భాగంలో ఆ గుర్తులు ఉండవు. పాఠకుడు ఎర్రని గుర్తులను మాత్రమే ఏరుకొని చదువుకోవచ్చు. సముద్రపు మంచుగడ్డ తగ్గిన తీరును లెక్కగట్టిన తరువాతి పరిశోధకులకు ఈ తేడా ప్రాణప్రదమైంది. అందంగా నిండుగా కనిపించాలని అంతటా ఒకే గుర్తు వేసి ఉంటే, చూసినదీ ఊహించినదీ కలిసిపోయి ఆ పటాలు చరిత్రకు పనికిరాకుండా పోయేవి.

6. హిమాలయ హిమం, దక్కను కరువు

ఇంతవరకు పరిశీలించిన చోట్లన్నీ తెలుగు నేలకు దూరమైనవి. కాని హిమం ఎక్కడ ఎంత పడిందన్న ప్రశ్న ఒకప్పుడు దక్కనులోని ప్రాణాలతో ముడిపడింది. 1876–78 నాటి మహాక్షామాన్ని తెలుగువారు 'ధాత కరువు' అని జ్ఞాపకం పెట్టుకొన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో అల్లాడాయి. మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు మరణించారు. ఆ కరువుకు ఒక ఏడాది ముందు, 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు, వానలు వస్తాయో రావో ముందుగా చెప్పగలమా అన్నది అప్పటి నుండి ప్రధానమైన ప్రశ్న అయింది.

శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్ఫర్డ్ 1884లో ఒక ప్రతిపాదన చేశాడు. చలికాలంలోనూ వసంతంలోనూ హిమాలయాల మీద హిమం అధికంగా, ఆలస్యంగా పడిన ఏడు, భారతదేశపు మైదానాలలో పొడిగాలులు ఎక్కువై వానలు తగ్గుతాయని దాని సారం. ఆ ఆధారంతో తొలి ఋతుపవన సూచన 1886 జూన్ 4న వెలువడింది. గిల్బర్ట్ వాకర్ 1909లో రూపొందించిన గణితసూత్రంలో కూడా మే నెలాఖరుకు హిమాలయాల మీద నిలిచిన హిమం ఒక అంశం. ఈ భావనకు భౌతికమైన కారణం ఉంది. హిమం సూర్యరశ్మిని తిరగగొడుతుంది. మిగిలిన వేడిలో కొంత దానిని కరిగించడానికి, తడిసిన నేలను ఆరబెట్టడానికి ఖర్చవుతుంది. ఆసియా భూభాగం వేడెక్కడం ఆలస్యమైతే, వానగాలులను లోపలికి లాగే శక్తి తగ్గుతుంది.

సిద్ధాంతానికి తగిన పటం మాత్రం ఆనాడు లేదు. కొండప్రాంతాల నుండి అందిన కబుర్లే ఆధారం. సువా వంటి వరుస కానీ, చర్చ్ పద్ధతి వంటి కొలత కానీ హిమాలయాలలో లేదు. 1966లో అమెరికా సంస్థలు ఉపగ్రహ చిత్రాలు చూసి వారం వారం చేత్తో హిమపటాలు గీయడం మొదలుపెట్టాకనే ఆ ప్రశ్నను సరిగా పరీక్షించే వీలు కలిగింది. హాన్, జగదీశ్ శుక్లా 1976లో ఆ పటాల ఆధారంగా యూరేసియా హిమవిస్తృతికీ భారతదేశపు వానలకూ విలోమసంబంధం ఉన్నట్లు చూపారు. తరువాతి దశాబ్దాలలో ఆ సంబంధం ఒకే తీరుగా నిలవలేదు. పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణోగ్రతల వంటి ఇతర కారణాలు అందులో కలిసి ఉన్నాయి. సంబంధం ఉన్నదని చెప్పడానికైనా, సడలిందని చెప్పడానికైనా పటాల వరుస కావలసివచ్చిందన్నది ఇక్కడ గుర్తించవలసిన అంశం.

ఈ పనిలో హైదరాబాదుకూ ఒక స్థానం ఉంది. 1980ల నుండి అక్కడి జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలలో సట్లెజ్ పరీవాహక ప్రాంతపు హిమవిస్తృతిని కొలిచి, భాక్రా జలాశయానికి వేసవిలో వచ్చే నీటిని అంచనా వేసే అధ్యయనాలు చేసింది. హిమం ఎన్నడూ పడని నగరంలో కూర్చొని హిమపటం గీయడం ఉపగ్రహయుగం తెచ్చిన మార్పు.

7. ఉపగ్రహయుగంలో ఇష్టవ్యాసంగం

అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ చిత్రాలను ఉచితం చేసింది. 2015 నుండి ఐరోపా సంస్థల సెంటినెల్-2 చిత్రాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ 2002 నుండి ఉచితంగా లభిస్తున్నది. దీనితో హిమపటం గీయడం మళ్ళీ ఇష్టవ్యాసంగకారుల చేతికి వచ్చింది.

పని చేసే తీరు ఇది. హిమం ఆకుపచ్చ వెలుగును బాగా తిరగగొడుతుంది. కంటికి కనిపించని హ్రస్వతరంగ పరారుణ కిరణాలను చాలావరకు పీల్చుకొంటుంది. మేఘాలు సాధారణంగా రెండింటినీ తిరగగొడతాయి. కనుక రెండింటి భేదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే సూచిక 0.4 దాటిన చోటును హిమంగా గుర్తిస్తారు. అయితే తేటనీటికి కూడా ఈ సూచిక ఎక్కువగానే వస్తుంది. అందుచేత సమీప పరారుణ కిరణాల ప్రతిఫలనం 0.11 కంటే ఎక్కువగా ఉండాలన్న రెండవ షరతు పెడతారు. ఈ షరతును మరచినవారి పటంలో నడివేసవిలో కూడా చెరువులు హిమంతో నిండి కనిపిస్తాయి. దట్టమైన అడవి కింద ఉన్న హిమం ఏ సూచికకూ సరిగా చిక్కదు. మేఘం కమ్మిన రోజున కింద ఏమున్నదో ఆ చిత్రం చెప్పదు.

ఇక్కడే పాత ప్రమాదం కొత్త రూపంలో ఎదురవుతుంది. మేఘం కింది భాగాన్ని ముందువారపు చిత్రంతో పూరించి ఒకే రంగు వేస్తే పటం నిండుగా ఉంటుంది. చూసేవారికి అదంతా కళ్ళారా చూసినదిగానే తోస్తుంది. డెన్మార్కు పటాలలోని ఎర్రని గుర్తులు చేసిన పనిని నేడు 'మేఘం – సమాచారం లేదు' అనే వేరు రంగు చేయాలి. అంతేకాక, ఇటువంటి పటం హిమం పరచుకొన్న మేర చెబుతుంది కాని అందులో ఎంత నీరున్నదో చెప్పదు. దానికి నేల మీద గొట్టం దింపేవారు ఉండవలసిందే.

నేల మీద కొలిచే స్వచ్ఛంద సంప్రదాయం కూడా కొనసాగుతున్నది. 1997లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ నగరంలో వరద వచ్చినప్పుడు, కొద్ది మైళ్ళ దూరంలోనే వాన ఎంతో తేడాగా పడిందనీ, ఉన్న కొలమానాలు దానిని పట్టుకోలేకపోయాయనీ తేలింది. మరుసటి ఏడు అక్కడ ఇళ్ళ పెరడులలో వాన, వడగళ్ళు, హిమం కొలిచే స్వచ్ఛందుల బృందం 'కోకోరాస్' అనే పేరుతో మొదలై, తరువాత అమెరికా అంతటా విస్తరించింది. ఏమీ పడని రోజున సున్న అని తప్పక పంపాలన్నది వారి నియమం. సువా పూజారులు 'తెరచిన సముద్రం' అని రాసిన ఆలోచనే ఇది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ఋతుహిమం, మంచుగడ్డలకు సంబంధించిన అతి దీర్ఘమైన నమోదులలో కొన్నింటిని నిలిపినవారు వృత్తిశాస్త్రజ్ఞులు కారు. పూజారి, వర్తకుడు, రచయిత, లాటిన్ అధ్యాపకుడు, తిమింగిలాల వేటనావికుడు వారిలో ఉన్నారు.

2. వారి ఉద్దేశాలు భిన్నమైనవి; అలవాట్లు సమానమైనవి. అదే చోట, అదే నియమంతో చూడడం, జరగనిదానిని కూడా రాయడం, తెలియనిదానిని తెలియనిదిగా వదలడం వారిలో కనిపిస్తాయి. ఈ అలవాట్లు సడలిన భాగాన్ని శాస్త్రం వాడుకోలేకపోయింది. సువా పట్టికలోని మధ్యభాగమే అందుకు ఉదాహరణ.

3. వరుస లేనిచోట సిద్ధాంతం నిలవడానికి గానీ, వీగిపోవడానికి గానీ అవకాశం ఉండదు. బ్లాన్ఫర్డ్ ప్రతిపాదన పరీక్షకు నిలవడానికి తొమ్మిది దశాబ్దాలు పట్టింది.

4. ఉపగ్రహ చిత్రాలు పటం గీయడాన్ని సులభం చేశాయి. చూసినదానిని ఊహించినదాని నుండి వేరుచేసే బాధ్యతను అవి తగ్గించలేదు.

తెలుగు ప్రాంతంలో హిమం లేదు. ఋతువును బట్టి వచ్చిపోయే నీరుంది. చెరువు నిండి అలుగు పారిన రోజు, కృష్ణాగోదావరులకు తొలి వరదనీరు వచ్చిన రోజు, బావిలో నీరు అడుగంటిన రోజు ఇక్కడ టోర్నే మంచుగడ్డ కదిలిన రోజుతో సమానమైనవి. గ్రామ కరణాల లెక్కలలో, కైఫీయతులలో, ఆలయాల పద్దులలో, రైతుల సొంత పుస్తకాలలో ఇటువంటి తేదీలను వెదకి, చోటు, తిథి, రాసినవారు, నడుమ ఖాళీలు అన్నీ యథాతథంగా పట్టికలోకి తేవడం చరిత్ర, వాతావరణ శాస్త్ర విభాగాలు కలిసి చేపట్టదగిన పరిశోధన. ఈ ఏటి నుండి తమ ఊరి చెరువు అలుగు పారిన తేదీని, పారకపోతే పారలేదన్న మాటను, రాయడం మొదలుపెట్టడానికి ఏ విభాగం అనుమతీ అవసరం లేదు.